మోడల్ రైళ్ళ పనికి చిన్న స్క్రూడ్రైవర్లు: ఏవి కొనాలి, స్క్రూ తలలు ఎందుకు అరుగుతాయి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండు హెచ్‌ఓ స్కేలు అమెరికన్ డీజిల్ ఇంజన్లు, ఒక ఎన్ స్కేలు (హెచ్‌ఓ కంటే చిన్న కొలత) రైలు ఉన్నాయి. కప్లర్లు (బండిని బండికి తగిలించే కొక్కేలు) మార్చాలి, డీసీసీ డీకోడర్లు (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలు అందుకుని ఇంజన్‌ని నడిపే చిన్న బోర్డులు) పెట్టాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన ముప్పై బిట్ల మొబైల్ రిపేరు సెట్టుతో మొదలుపెడితే రెండు స్క్రూల తలలు అరిగిపోయాయి. ఇంతకంటే సన్నటి డ్రైవర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

ఇంకా సన్నటివి వెతకకండి. తల అరిగిందంటే చాలావరకు బిట్ ఆ గాడికి చిన్నదై ఉంటుంది, లేదా మొన ఆకారం ఆ గాడికి సరిపడనిదై ఉంటుంది. స్క్రూ కంటికి చిన్నగా కనబడగానే చెయ్యి బాగా సన్నటి 000 బిట్ వైపు పోతుంది. అది గాడి అడుగుదాకా దిగుతుంది కానీ పక్క గోడల్ని పట్టుకోదు. తిప్పినప్పుడు బలమంతా నాలుగు సన్నటి అంచుల మీద పడి, మెత్తటి స్క్రూ లోహాన్ని చెక్కేస్తుంది. కాబట్టి డ్రైవర్ ఎంచుకోవడానికి ఒకటే లెక్క: గాడిలో పూర్తిగా కూర్చునే వాటిలో అన్నిటికంటే పెద్దది.

కూర్చుందో లేదో తెలుసుకోవాలంటే ముందు గాడి శుభ్రంగా ఉండాలి. ఫ్యాక్టరీలో స్క్రూ బిగించాక రంగు కొట్టిన మోడళ్ళలో గాడి అడుగున రంగు గడ్డకట్టి ఉంటుంది. పాత బళ్ళలో అయితే నూనె, దుమ్ము కలిసి ముద్దయి ఉంటుంది. కుట్టుసూదితో ఆ నాలుగు కొమ్మల్నీ గీకి, బ్రష్‌తో ఊడ్చి, వాచీ రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే 10 రెట్ల లూప్‌తో ఒకసారి చూడండి. తర్వాత డ్రైవర్‌ని నిటారుగా పెట్టి, తిప్పకుండా పిడిని వేలితో అటూ ఇటూ కదపండి. సరైనదైతే స్క్రూతో కలిసి ఒకటే ముక్కలా ఉంటుంది. లోపల లొడలొడమంటే పై సైజు పెట్టి చూడండి. పై సైజు మొన గాడి అంచుల మీదే ఆగిపోతే కింది సైజే సరైనది. బయటికి తీసిన స్క్రూతో ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. అయస్కాంతం లేని డ్రైవర్ మొనకి స్క్రూ తగిలించి అడ్డంగా పట్టుకోండి. ఆకారం కలిసిన జత అయితే స్క్రూ వేలాడకుండా నిలుస్తుంది.

ఇక ఆకారం సంగతి. తలలు పోవడానికి అసలు మూలం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. మన షాపుల్లో ‘స్టార్’ అని అడిగితే ఇచ్చే ప్లస్ డ్రైవర్లు ఫిలిప్స్ రకం. హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు 1936 నాటివి. ఈ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి. తిప్పే బలం ఒక హద్దు దాటితే ఆ ఏటవాలు డ్రైవర్‌ని పైకి నెట్టేస్తుంది. జపాన్ స్క్రూల గాడి కూడా ప్లస్సే, పైపైన చూస్తే తేడా తెలియదు. కానీ జిస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన ఆ గాడిలో మూలలు పదునుగా ఉంటాయి, అడుగు తక్కువ లోతులో ఉంటుంది. ఫిలిప్స్ మొనలో రెక్కలు కలిసేచోట కొంచెం గుండ్రంగా ఉంటుంది, మొన కూడా పొడవు. దాన్ని జిస్ గాడిలో పెడితే రెక్కలు గోడల్ని పట్టుకోకముందే మొన అడుక్కి తగిలి ఆగిపోతుంది. మీరు ఎంత నొక్కినా పట్టు దొరకదు, తిప్పగానే పైకి లేచి అంచుల్ని తినేస్తుంది.

కేటో, టోమిక్స్ జపాన్ కంపెనీలు. 1980లలో, 90లలో అమెరికా కంపెనీ అట్లాస్ కోసం కేటో జపాన్‌లో చేసిచ్చిన ఇంజన్లూ ఆ కోవలోవే. అమెరికన్ దిగుమతిదార్ల కోసం జపాన్‌లో, ఆ తర్వాత కొరియాలో తయారైన ఇత్తడి ఇంజన్లలో కూడా జిస్ స్క్రూలు కనబడుతూనే ఉంటాయి. పెద్ద జిస్ స్క్రూ తలమీద గాడి పక్కన తరచుగా చిన్న చుక్క ఉంటుంది. ఈ సైజు స్క్రూలమీద ఆ చుక్క చాలాసార్లు ఉండదు, కాబట్టి చుక్క లేదు కనుక ఫిలిప్స్ అని అనుకోవద్దు.

దీనికి సులువైన దారి ఒకటుంది. ఫిలిప్స్ డ్రైవర్ జిస్ గాడిలో సరిగా కూర్చోదు కానీ, జిస్ డ్రైవర్ చిన్న ఫిలిప్స్ గాడిలో బాగానే కూర్చుంటుంది. అందుకని ప్లస్ డ్రైవర్లు కొనేటప్పుడు జిస్ రకమే కొనండి, రెండు రకాల స్క్రూలకీ పనికొస్తాయి. జపాన్ తయారీదార్లలో వెసెల్, ఇంజినీర్ పేర్లు వెతికితే దొరుకుతాయి. యూరప్ వాటిలో విహా, వెరా, పీబీ స్విస్ మంచి ఉక్కుతో చేస్తాయి, అయితే అవి ఫిలిప్స్ మొనలు. మీ దగ్గర అమెరికన్, యూరప్ బళ్ళు మాత్రమే ఉంటే అవి చాలు. జపాన్ బండి ఒక్కటి ఉన్నా నా ఓటు జిస్‌కే.

నంబర్లలో సున్నాలు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది: 1, 0, 00, 000. మిల్లీమీటర్ ప్రమాణంలో 1.6, 2 మి.మీ. మర స్క్రూల ప్లస్ గాడి 0 సైజు, 2.5, 3 మి.మీ. వాటిది 1. అమెరికన్ మోడళ్ళలో ఎక్కువగా కనబడేవి 2-56, 0-80, 00-90. మొదటి అంకె లావు నంబరు, రెండోది అంగుళానికి ఎన్ని మరలు (థ్రెడ్లు) ఉంటాయో చెబుతుంది. 2-56 లావు 2.18 మి.మీ., 0-80 లావు 1.52, 00-90 లావు 1.19. అమెరికన్ ప్రమాణం ప్రకారం 2-56 ప్లస్ తలకి పట్టేది 1 నంబరు డ్రైవర్, 0-80కి 0 నంబరు. చిన్న తలతో చేసిన 2-56కి 0 పట్టవచ్చు. కప్లర్ పెట్టె బిగించే 2-56 స్క్రూ మీద 00 బిట్ పెట్టి తిప్పడమే ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ తలలు అరగదీసే తప్పు. 00 బిట్ ఎన్ స్కేలు ఫ్రేములకీ, 1.4 మి.మీ. అంతకంటే సన్నటి స్క్రూలకీ ఉంచుకోండి. 000 అవసరం ఎన్ కంటే చిన్నదైన జడ్ స్కేలులో, ఫోన్లలో వస్తుంది. మొదటి కొనుగోలులో దాన్ని చేర్చనక్కర్లేదు.

మైనస్ గాడి స్క్రూల దగ్గర జనం వెడల్పు ఒక్కటే చూసి కొంటారు, మందం చూడరు. బ్లేడు వెడల్పు తల వెడల్పులో ముప్పావు వంతు నుంచి పూర్తి వెడల్పు దాకా ఉండాలి, అంతకు మించితే చుట్టూ ఉన్న రంగు గీసుకుపోతుంది. మందం గాడిని నింపాలి. 2 మి.మీ. సిలిండర్ తల స్క్రూకి తల 3.8 మి.మీ., గాడి వెడల్పు 0.5 మి.మీ. ఉంటాయి కాబట్టి 3 మి.మీ. వెడల్పు, 0.4 పైన మందం ఉన్న బ్లేడు కావాలి. 1.6 మి.మీ. స్క్రూకి తల 3, గాడి 0.4. అమెరికన్ 0-80 పొడుగు తల స్క్రూకి తల సుమారు 2.4 మి.మీ., దానికి 2 మి.మీ. బ్లేడు. చవక సెట్లలో బ్లేడు మొన ఉలిలా పలచబడుతూ వస్తుంది. అలాంటిది గాడి పై అంచుల దగ్గర మాత్రమే తగిలి, తిప్పగానే పైకి జారుతుంది. మొన దగ్గర రెండు ముఖాలూ సమాంతరంగా ఉండేట్టు గుంటగా సానపట్టిన బ్లేడ్లు కొనండి, ‘హాలో గ్రౌండ్’ అని అడిగితే ఇస్తారు. వాచీ పనిముట్లు చేసే బెర్జియాన్ డ్రైవర్లలో బ్లేడు మార్చుకోవచ్చు, సైజుని రంగుతో గుర్తుపట్టవచ్చు: 0.80 పసుపు, 1.00 నలుపు, 1.20 ఎరుపు, 1.40 బూడిద. మెర్క్లిన్, ఫ్లైష్‌మన్ వంటి జర్మన్ ఇంజన్ల మీద పనిచేసేవాళ్ళకి మైనస్ బ్లేడ్లు ప్లస్ వాటికంటే ఎక్కువ అవసరం. పాత మెర్క్లిన్ హెచ్‌ఓ ఇంజన్లు చాలావాటికి లోహపు పైతొడుగుని పట్టి ఉంచేది ఒకే ఒక్క మైనస్ స్క్రూ. అది పైకి కనబడేచోటే ఉంటుంది గనక, దాని తల చెడితే ఆ మోడల్ రూపమూ విలువా రెండూ పోతాయి.

బ్లేడు మొన గుండ్రబడితే పారేయకండి. 600 నంబరు నూనెరాయి మీద చదునుగా పెట్టి రెండు ముఖాలూ సమంగా తీయండి, చివరని రాయికి నిట్టనిలువుగా పట్టి చదును చేయండి, 1000 నంబరు మీద నునుపు చేయండి. గాడికంటే బ్లేడు మందమైతే కూడా ఇదే పద్ధతి. కరెంటు గ్రైండర్ మీద మాత్రం పెట్టొద్దు. మొన నీలం రంగుకి తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ తర్వాత మొదటి గట్టి స్క్రూకే అది వంగుతుంది.

ఇప్పుడు మీ ముప్పై బిట్ల సెట్టు. సైజు కుదిరినా దాంతో ఇంకో చిక్కు ఉంది. హెచ్‌ఓ డీజిల్ ఇంజన్లలో షెల్ (పైతొడుగు) స్క్రూలు చాలాసార్లు అడుగున, 4 నుంచి 5 మి.మీ. వెడల్పున్న లోతైన గుంటల్లో ఉంటాయి. 4 మి.మీ. షట్కోణపు బిట్ పట్టుకునే హోల్డర్ దానికంటే లావు, గుంటలోకి దిగదు. బిట్ పొట్టిది కాబట్టి మొన స్క్రూకి అందీ అందకుండా ఉంటుంది, లేదా వాలుగా తగులుతుంది. వాలుగా తగిలిన మొన ఎంత మంచిదైనా తలని అరగదీస్తుంది. దీనికి పిడిలో స్థిరంగా బిగించిన, 50 నుంచి 75 మి.మీ. పొడవు, 2.5 నుంచి 3 మి.మీ. లావు కాడ ఉన్న డ్రైవర్ కావాలి. బిట్ సెట్లు బల్లమీద విప్పి పెట్టిన భాగాలకి బాగుంటాయి. ఐఫిక్సిట్ వంటివాళ్ళ సెట్లలో బిట్ల ఉక్కు కూడా మంచిదే. కానీ ఇంజన్ పొట్టలోకి చెయ్యి పెట్టే పనికి స్థిరమైన కాడకి సాటి లేదు.

మొత్తమ్మీద మీ పనికి కొనాల్సినవి ఇవి: జిస్ 00, 0, 1 ఒక్కొక్కటి; గుంటగా సానపట్టిన మైనస్ బ్లేడ్లు 1.4, 2, 3 మి.మీ. అంతే, ఆరు. స్టీమ్ ఇంజన్లు కొన్న రోజున 1.5 నుంచి 3 మి.మీ. వరకు ఉన్న నట్ డ్రైవర్ల సెట్టు ఒకటి చేర్చండి. చక్రాలను కలిపే కడ్డీల చివర ఉండే షట్కోణపు తలల్ని పట్టుకారుతో తిప్పితే మూలలు గుండ్రబడతాయి, జారిన పట్టుకారు కడ్డీని వంచుతుంది, వంగిన కడ్డీతో ఇంజన్ ప్రతి చుట్టుకీ ఒకేచోట కుదుపుతుంది. గేర్లనీ, ఫ్లైవీల్‌నీ ఇరుసుకి బిగించే తలలేని స్క్రూలకి అలెన్ కీలు కావాలి: 2 మి.మీ. మరకి 0.9, 2.5కి 1.3, 3కి 1.5. అమెరికన్ 2-56కి 0.035 అంగుళం, 4-40కి 0.050 అంగుళం, అంటే 1.27 మి.మీ. ఈ 1.27కీ 1.3కీ మధ్య తేడా వెంట్రుకవాసి. 1.27 కీ 1.3 గుంటలో దూరుతుంది, తిరుగుతుంది, రెండోసారికి మూలలు కొరికేస్తుంది. అంగుళం కీలు, మిల్లీమీటర్ కీలు వేర్వేరు డబ్బాల్లో పెట్టండి.

డీసీసీ కంట్రోలర్ల, పట్టాల వైర్ల టెర్మినల్ స్క్రూలకి ఈ ఖరీదైన బ్లేడ్లు వాడొద్దు. చిన్న టెర్మినళ్ళకి 0.4 × 2.5 మి.మీ., పెద్దవాటికి 0.6 × 3.5 మి.మీ. సాదా బ్లేడు చాలు. ఇంట్లో ఉన్న కరెంటు టెస్టర్‌తో ఇంజన్ స్క్రూలు తిప్పడం కూడా మానాలి, దాని మొన పూర్తిగా ఉలి ఆకారం.

చేతి పద్ధతి గురించి. తిరిగే టోపీ ఉన్న ప్రిసిషన్ పిడి అయితే చూపుడువేలు టోపీ మీద పెట్టి నిట్టనిలువుగా నొక్కాలి, బొటనవేలూ నడిమివేలూ తిప్పాలి. కదలని స్క్రూ మీద మొదటి పావు చుట్టుకి తిప్పే బలంకంటే నొక్కే బలం ఎక్కువ ఉండాలి. అంత నొక్కాలంటే కింద ఇంజన్ కదలకుండా ఉండాలి. తలకిందులుగా బల్లమీద పెట్టి నొక్కితే పైకప్పు మీది హారన్లు, రేలింగులు విరుగుతాయి. దళసరి స్పాంజి దిమ్మెలో వి ఆకారంలో గాడి కోసి, అందులో ఇంజన్‌ని పడుకోబెట్టండి. డ్రైవర్ కాడకి మొన చివర 3 మి.మీ. వదిలి హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే జారినా రంగు గీసుకుపోదు. లోపల రెండు లోహపు భాగాల్ని తాకినా షార్టు కాదు. అయినా సరే, పట్టాలమీద కరెంటు ఉండగా ఇంజన్‌లో డ్రైవర్ పెట్టకూడదు. పట్టాలకి కరెంటు ఇచ్చే డీసీసీ బూస్టర్ కొన్ని ఆంపియర్లు ఇవ్వగలదు, డీకోడర్ కాలిపోవడానికి ఒక్క క్షణం చాలు.

అయస్కాంతం పట్టిన మొన సౌకర్యంగానే అనిపిస్తుంది కానీ మోటారు దగ్గర అది చేటు చేస్తుంది. మొనకి అంటుకున్న ఇనుప రజను మోటారులోకి, గేర్లలోకి పోతుంది. మోటారు అయస్కాంతం డ్రైవర్‌ని లాగి స్క్రూని ఎక్కడో జారవిడుస్తుంది. స్క్రూని మొనకి నిలపడానికి తేనెమైనం చుక్క చాలు. ఇంకా పట్టు కావాలంటే వైరుమీది ప్లాస్టిక్ తొడుగు 10 మి.మీ. ముక్క కోసి, సగం మొనమీద, సగం స్క్రూ తలమీద తొడగండి. మర రెండు చుట్లు పట్టాక డ్రైవర్ లాగితే తొడుగు దాంతోపాటు వచ్చేస్తుంది.

షెల్ విప్పే ముందు ఆ మోడల్‌తో వచ్చిన విడిభాగాల బొమ్మ చూడండి. అథర్న్, అట్లాస్ వంటి కంపెనీల చాలా హెచ్‌ఓ డీజిళ్ళలో షెల్‌ని పట్టి ఉంచేవి కప్లర్ పెట్టెల స్క్రూలే. ముందూ వెనకా కప్లర్ పెట్టెలు ఊడదీస్తే షెల్ వస్తుంది. ఇది తెలియక మిగతా స్క్రూలన్నీ విప్పితే లోపల మోటారు పీట, బరువు ఊడిపోతాయి కానీ షెల్ రాదు. కేటో ఎన్ స్కేలు షెల్లు ఎక్కువగా కొక్కేలతో పట్టుకుని ఉంటాయి, అక్కడ డ్రైవర్‌తో పనే లేదు. రెండు పక్కలా గోళ్ళతో కొంచెం వెడల్పు చేసి పైకి లాగాలి. విప్పిన స్క్రూలని విడిగా పోగు పెట్టొద్దు. తెల్లకాగితం మీద ఇంజన్ అడుగు బొమ్మ గీసి, రెండు వైపులా అంటుకునే టేపు వేసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. 6 మి.మీ. గుంటలో 8 మి.మీ. స్క్రూ పోతే పైకప్పుకి లోపలినుంచి బొడిపె లేస్తుంది, దాన్ని మళ్ళీ సరిచేయలేరు.

ఎన్ స్కేలు డీకోడర్ పని ప్రత్యేకం, ఎందుకంటే అక్కడ స్క్రూ బిగువే విద్యుత్ సంబంధం. చాలా ఎన్ స్కేలు డీజిళ్ళలో ఫ్రేమ్ రెండు లోహపు సగాలుగా ఉంటుంది. ఒక సగం కుడి పట్టా, రెండో సగం ఎడమ పట్టా కరెంటు మోస్తాయి. రెండిటినీ కలిపే స్క్రూలు ఒకదాన్నుంచి మరోదానికి కరెంటు పోనివ్వకుండా ప్లాస్టిక్ నట్లలో, తొడుగుల్లో కూర్చుంటాయి. పైన గాడిలో ఉండే లైటు బోర్డు తీసి, దాని స్థానంలో అదే ఆకారపు డీకోడర్ దూర్చాలి. స్క్రూలు పూర్తిగా విప్పకండి. ఒక్కొక్కటీ ఒకటి, రెండు చుట్లు వదులు చేస్తే ఫ్రేమ్ వెంట్రుక మందం తెరుచుకుంటుంది, బోర్డు వెనక్కి జారి వస్తుంది. పూర్తిగా విప్పితే వర్మ్ (మోటారు ఇరుసుమీది మరలాంటి గేరు) బేరింగులు, మోటారు, ఇరుసు కప్పులు అన్నీ చేతిలోకొస్తాయి. డీకోడర్ దూర్చాక మోటారు రేకులు దాని మీద సరైన చోట నొక్కుకున్నాయో లేదో లూప్‌తో చూసి, స్క్రూలని వంతులవారీగా, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున బిగించండి. ఒకవైపు ముందే బిగిస్తే ఫ్రేమ్ ఏటవాలుగా మూసుకుని వర్మ్ బిగుసుకుపోతుంది. ఇంజన్ నెమ్మదిగా నడుపుతున్నప్పుడు మూలిగితే, వేడెక్కితే ముందు అనుమానించాల్సింది ఇదే. మరీ బిగిస్తే ప్లాస్టిక్ నట్టు చిట్లుతుంది, చిట్లిన నట్టు గుండా స్క్రూ రెండు సగాల్నీ తాకితే నేరుగా షార్టు. వదులుగా ఉంటే లైట్లు మినుకుమంటాయి, డీకోడర్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. స్క్రూ తల ఫ్రేముకి తగిలిన చోటినుంచి ఎనిమిదో వంతు చుట్టు మించి తిప్పకండి. తర్వాత మల్టీమీటర్‌తో రెండు సగాల మధ్యా, మోటారు బ్రష్‌కీ ఫ్రేముకీ మధ్యా చూసి, ఎక్కడా నేరు సంబంధం లేదని తేలాకే పట్టాలమీద పెట్టండి.

హెచ్‌ఓ కప్లర్ల దగ్గర కేడీ కంపెనీ 5 నంబరు కప్లర్ గాని, 148 గాని బిగించేటప్పుడు 2-56 స్క్రూకి మర కోసే రంధ్రం 50 నంబరు డ్రిల్, అంటే 1.78 మి.మీ.; స్క్రూ ఊరికే దాటిపోవాల్సిన రంధ్రం 43 నంబరు, 2.26 మి.మీ. బండిలో ముందే 2 మి.మీ. మర ఉంటే 2-56 పెట్టొద్దు. మొదటి రెండు చుట్లు పోతుంది, తర్వాత బిగుసుకుని ప్లాస్టిక్ మరని కోసేస్తుంది. కప్లర్ బిగించాక వేలితో పక్కకి నెట్టి వదిలితే దానంతటదే మధ్యకి రావాలి. రాకపోతే స్క్రూని ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తిప్పి చూడండి. చక్రాల ట్రక్కుల (బండి కింద రెండు చివరలా తిరిగే చక్రాల చట్రాల) స్క్రూల్లో ఒకదాన్ని తిరగడానికి సరిపడా మాత్రం వదులుగా ఉంచి, రెండోదాన్ని ఇంకో పావు చుట్టు వదలండి. అప్పుడే బండి మూడు బిందువుల మీద నిలిచి, పట్టాల ఎత్తుపల్లాల మీద చక్రాలు లేవకుండా పోతుంది. రెండూ ఒకేలా బిగిస్తే మలుపుల్లో పట్టాలు తప్పుతుంది.

స్క్రూ మళ్ళీ పెట్టేటప్పుడు, ముఖ్యంగా ప్లాస్టిక్‌లో తనంతట మర కోసుకునే రకమైతే, ముందు వెనక్కి తిప్పండి. చిన్న టక్కు తెలుస్తుంది, అది పాత మర మొదలు. అక్కడినుంచి ముందుకి తిప్పితే పాత దారిలోనే పోతుంది. ఇది చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసి, మూడో నాలుగోసారికి రంధ్రం బోసిపోతుంది. స్క్రూ ఊడిరాకుండా లాక్‌టైట్ వంటి మర జిగురు వాడకండి. అది ఏబీఎస్, పాలికార్బనేట్ ప్లాస్టిక్‌ని పగులుబారుస్తుంది. లోహంలో లోహపు స్క్రూ అయినా తలపక్కన ఒక చుక్క గోళ్ళ రంగు చాలు, కావాలనుకున్నప్పుడు చిట్లగొట్టి విప్పవచ్చు.

మీ దగ్గర ఇప్పటికే అరిగిన రెండు తలల సంగతికి వస్తే, ముందు ఆపండి, ఇంకోసారి అదే బిట్ పెట్టొద్దు. గాడి శుభ్రం చేసి జిస్ 0 పెట్టి చూడండి. ఒక మోస్తరుగా అరిగిన తలలు చాలావరకు దీనికే వస్తాయి. రాకపోతే కార్ల వాల్వులు రుద్దే గరుకు పేస్టు ఆవగింజంత మొనకి రాసి గట్టిగా నొక్కి తిప్పండి, అందులోని గరుకు రేణువులు పట్టు ఇస్తాయి. ప్లాస్టిక్‌లో ఉన్న స్క్రూ అయితే సోల్డరింగ్ ఐరన్ మొన తలమీద మూడు నాలుగు సెకన్లు మాత్రం ఆనించి, వెంటనే తిప్పండి. అంతకు మించితే చుట్టూ ప్లాస్టిక్ కరిగి స్క్రూ మరతో సహా ఊడివస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు ప్లాస్టిక్ షెల్ దగ్గర కొట్టొద్దు, రంగూ పోతుంది, కొన్ని ప్లాస్టిక్‌లు పెళుసెక్కుతాయి.

ఇవేవీ పనిచేయకపోతే తల తీసేయడమే. 2 మి.మీ. స్క్రూకి 2 మి.మీ. డ్రిల్‌ని పిన్‌వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడిలో) పెట్టి, గాడి మధ్యలో మొదలుపెట్టి నెమ్మదిగా తిప్పండి. మోటారు డ్రిల్ వద్దు, అది ఒక్క క్షణంలో పక్కకి నడుస్తుంది. మొదలుపెట్టే ముందు చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, మోటారు ఉన్న వైపు పూర్తిగా మూసేయండి, రజను అయస్కాంతానికి అంటితే మోటారు విప్పితే తప్ప పోదు. తల ఊడగానే షెల్ పైకి లేస్తుంది, మిగిలిన మొండెం పొడుచుకుని ఉంటుంది కాబట్టి సన్నమూతి పట్టుకారుతో తిప్పి తీయవచ్చు.

బోసిపోయిన ప్లాస్టిక్ రంధ్రానికి సూపర్‌గ్లూ పోసి స్క్రూ దూర్చేవాళ్ళున్నారు, అలా చేస్తే అది ఇక ఎప్పటికీ రాదు. రంధ్రాన్ని 2.5 మి.మీ.కి పెంచి, ఎవర్‌గ్రీన్ 2.5 మి.మీ. స్టైరీన్ కడ్డీ ముక్కని ప్లాస్టిక్ సిమెంటుతో అతికించి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, అంచుతో సమానంగా కోసేయండి. మధ్యలో 2 మి.మీ. స్క్రూకైతే 1.6 మి.మీ., 2-56కైతే 1.78 మి.మీ. రంధ్రం చేసి మర కోయండి. ఇది స్టైరీన్, ఏబీఎస్ షెల్లకి. ట్రక్కులు, గేర్లు చేసే జారుడు ప్లాస్టిక్‌కి ఏ సిమెంటూ పట్టదు, అక్కడ ఒక సైజు పెద్ద స్క్రూకి వెళ్ళడమో ఆ భాగాన్ని మార్చడమో చేయాలి.

కొనడం దగ్గర: హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ రిపేరు పనిముట్లు అమ్మేచోట, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో ప్రిసిషన్ డ్రైవర్లు చేత్తో చూసి కొనవచ్చు. మీ ఇంజన్‌లోంచి తీసిన మంచి స్క్రూ ఒకటి, లూప్ ఒకటి వెంట తీసుకెళ్ళి అక్కడే మొన కూర్చోబెట్టి చూడండి. లూప్‌లో మొన నాలుగు రెక్కలూ సమానంగా, అంచులు పదునుగా ఉండాలి. ఒక రెక్క పొట్టిగా ఉన్నా, పైపూత బుడగలు కట్టినా వదిలేయండి. జిస్ అని స్పష్టంగా రాసినవి మన షాపుల్లో అరుదు, వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా అమెరికాలో, జపాన్‌లో ఉన్నవాళ్ళతో తెప్పించుకోవాలి. అలా తెప్పించేటప్పుడు డ్రైవర్లతో పాటే 2-56 పావు అంగుళం స్క్రూల పాకెట్ ఒకటి, 50 నంబరు డ్రిల్లు రెండు, 2-56 ట్యాప్ (మర కోసే పనిముట్టు) ఒకటి కూడా రాయండి. అంగుళం మర స్క్రూలు ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణంలో దొరకడం కష్టం. అరిగిన తల ఉన్న స్క్రూని మళ్ళీ అదే రంధ్రంలో బిగించే పరిస్థితి రాకూడదంటే కొత్త స్క్రూలు చేతికందే దూరంలో ఉండాలి.